తోక మీద కూర్చున్న విమానం

"మూడూ నలభై అయింది. అయిదింటికి ముద్దాయిని మెజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. మీకు అరగంట," అన్నాడు ఇన్‌స్పెక్టరు, ఆ అరగంటా తన తాతల ఆస్తిలోంచి కోసి ఇస్తున్నట్టు.

"ఎక్కువే. మీకు ఒక రోజంతా పట్టింది, అయినా ఏమీ కనపడలేదు," అన్నాను.

ఆయన మీసం కింద ఏదో గొణిగాడు. నేను ఇరవై రెండేళ్ళు ఇన్సూరెన్సు కంపెనీలో క్లెయిములు తనిఖీ చేసినదాన్ని. తగలబడ్డ గోడౌన్ల బూడిద చేత్తో పిసికి, అగ్గిపుల్ల ఎవడు గీశాడో చెప్పడం నా ఉద్యోగం. అది మానేసి సొంతంగా ఈ పని పెట్టుకున్నప్పట్నుంచీ ఇన్‌స్పెక్టరు నన్ను ఇన్సూరెన్సమ్మ అంటాడు, ఎదురుగానే. నేను ఆయన్ని ఏమంటానో ఆయన చెవిన పడలేదు గనక ఇద్దరి మర్యాదా దక్కుతోంది.

విషయం ఇది. నిన్న మధ్యాహ్నం ఈ ఇంట్లో ఒక పెద్దాయన హత్య జరిగింది. ఫ్లయింగ్ స్కూల్లో ముప్ఫై ఏళ్ళు మెకానిక్కుగా చేసిన మనిషి. రెండు నెలల కిందట ఆ స్కూలు విమానం ఒకటి కూలిపోయి, నడుపుతున్న పంతొమ్మిదేళ్ళ కుర్రాడు పోయాడు. తోక దగ్గర బోల్టు విరిగిందన్నారు, మెకానిక్కు సరిగా బిగించలేదన్నారు, తప్పంతా పెద్దాయన నెత్తిన రుద్ది ఇంటికి పంపేశారు. రేపు పదింటికి ఆయన విచారణ సంఘం ముందు నిలబడి తన మాట చెప్పుకోవాల్సింది, ఒక వస్తువు తెచ్చి చూపిస్తానని ముందే కబురు కూడా పెట్టాడు. ఈలోపు నిన్న, తన గదిలో స్టూలు మీద కూర్చుని బొమ్మ విమానం కట్టుకుంటుంటే, వెనకనుంచి ఎవరో ఇనప దిమ్మతో తల మీద కొట్టారు. అతికించిన ముక్కలు కదలకుండా పైన బరువు పెట్టడానికి ఆయనే వాడుకునే దిమ్మ.

ఇన్‌స్పెక్టరు పట్టుకున్నది కోడల్ని. ఇంట్లో ఉన్నది ఆమే కాబట్టి. ఆయన పరిశోధన అంతా ఆ ఒక్క వాక్యంలో అయిపోయింది.

నన్ను పిలిచింది పెద్దాయన కూతురు. పోయింది తన తండ్రి, జైలుకి పోతున్నది తన వదిన. వదిన కోసం డిటెక్టివ్‌ని పెట్టుకున్న ఆడపడుచుని నా సర్వీసులో ఎన్నడూ చూడలేదు. ఆ ఒక్క ముచ్చటకే నేనీ కేసు ఒప్పుకున్నాను. కొడుకు ఓడ మీద పనిచేస్తాడు, ఎంత తొందరపడినా మూడు రోజులు పడుతుంది రావడానికి. కోడలికి ఎనిమిది నెలల పాప. పాప పక్క గదిలో మేనత్త చేతుల్లో గుక్కపట్టి ఏడుస్తోంది. ముద్దాయి చేతికి పసిపిల్లని ఇవ్వకూడదని ఇన్‌స్పెక్టరు ఆజ్ఞ. ఎక్కడ రాసుందో ఆయనకే తెలియాలి.

కోడలు వరండాలో కుర్చీలో కూర్చుంది, పక్కన లేడీ కానిస్టేబులు. పాప ఏడ్చినప్పుడల్లా ఆమె చేతులు ఒళ్ళోంచి లేచి మళ్ళీ పడిపోతున్నాయి.

"నిన్న మావయ్యగారు భోజనం ఎన్నింటికి చేశారమ్మా?" అన్నాను.

"ఒంటిగంటకండి. ఒకటిన్నరకి తన గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు."

"తరవాత నువ్వేం చేశావు?"

"పాపకి ఆయాసం వచ్చిందండి. మూడింటినుంచి మూడున్నర దాకా మందు ఆవిరి పట్టే మిషన్ పెట్టాను. ఆ మోతలో పక్కన బాంబు పడ్డా వినపడదు. తరవాత పాప నిద్రపోతే నేనూ పక్కనే వాలాను. నాలుగూ పదికి కాఫీ పట్టుకుని వెళ్ళి తలుపు తోస్తే..."

"నిన్న పొద్దున గొడవ దేనికి?"

"సూపర్ గ్లూ గురించి," అంది. కన్నీళ్ళు తుడుచుకోవడం కూడా మానేసింది. "ఆ ఘాటు పాపకి పడదని డాక్టరు గట్టిగా చెప్పారు. ఎన్నిసార్లు చెప్పినా మావయ్యగారు అదే తెచ్చుకునేవారు. నిన్న పాప మూలుగుతుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. బల్ల మీద ఉన్న సీసా, ఆయన డబ్బాలో దాచిన ఇంకో సీసా, రెండూ తీసి పది గంటల చెత్త బండిలో నా చేత్తో పడేశాను. ఆయన అరిచారు. నేనూ అరిచాను. వీధంతా విన్నారు."

"తరవాత?"

"తరవాత ఆయనే వచ్చి పాపని ఎత్తుకుని, సరేలేవే తల్లీ, నాకు మామూలు జిగురు చాలు, నెమ్మదిగా ఆరితే ఆరుతుంది, అన్నారండి."

"విన్నారుగా!" అన్నాడు ఇన్‌స్పెక్టరు, చంకలు కొట్టుకుంటూ. "గొడవ ఒప్పుకుంది."

"గొడవ దేని గురించో విన్నారా?"

"గొడవంటే గొడవే మేడమ్. ఇది పాలసీ కాగితం కాదు, సన్న అక్షరాలు చదవడానికి."

ఈ మనిషికి జీతమిచ్చి, పైన ఒక జీపు కూడా ఇచ్చారు.

గదిలోకి వెళ్ళాం. చిన్న గది, రెండు తలుపులు. ఒకటి ఇంట్లోకి, ఒకటి పక్క సందులోకి. సందు తలుపుకి చిన్న అట్ట వేలాడుతోంది, 'రంగు ఆరుతోంది, తలుపు తియ్యను' అని.

"అదిగో," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "రంగు వేసేటప్పుడు దుమ్ము పడుతుందని ఎవర్నీ రానిచ్చేవాడు కాదట. మేం వచ్చేసరికి ఆ తలుపుకి తాళం పడి ఉంది. బయటివాడు ఎలా వచ్చాడు, ఎలా పోయాడు?"

నేను ఆ తలుపు తీశాను. సందులోకి అడుగుపెట్టి నా వెనకే లాగాను. టక్కున తాళం దానంతట అదే పడింది. బయటనుంచి వేలితో తట్టాను. ఇన్‌స్పెక్టరే వచ్చి తెరవాల్సొచ్చింది.

"వచ్చినవాణ్ణి పెద్దాయన ఇలాగే రానిచ్చాడు, ఇప్పుడు మీరు నన్ను రానిచ్చినట్టు," అన్నాను. "పోయేటప్పుడు వాడు ఊరికే లాక్కుని పోయాడు. అట్ట సంగతంటారా, దాని మీద ఎన్నాళ్ళ దుమ్ముందో చూడండి. పన్నెండు నెలలూ అదలా వేలాడుతూనే ఉంటుంది."

ఆయన దుమ్ము చూడలేదు, గడియారం చూశాడు.

బల్ల మీద కోసుకునే రబ్బరు చాప, సన్నటి బ్రష్షులు, అంగుష్ఠమంత రంగు డబ్బాలు, చిన్న డబ్బాలో ఎయిర్‌గన్ గుళ్ళు, అంచులు గీటుకోవడానికి అంటించే కాగితం టేపు. సొరుగులన్నీ బయటికి లాగి ఉన్నాయి. దొంగతనంలా కనపడాలని కోడలే చిందరవందర చేసిందని ఇన్‌స్పెక్టరు రాసుకున్నాడు. ఇనప దిమ్మని థిన్నర్‌తో తుడిచారు, వాసన ఇంకా వస్తోంది. గోడకి బీరువాలో నలభై దాకా బొమ్మ విమానాలు. అందంగా ఏం లేవు. జిగురు కారిన గుర్తులు, వంకర చక్రాలు, గోడకి సున్నం వేసినట్టు బ్రష్షు గీతలు. పెద్దాయన చేతులు వణికేవి. వణికే చేతులతో నలభై కట్టాడు.

చాప మధ్యలో ఆఖరిది, మూరెడు పొడవు. పసుపు రంగు శిక్షణ విమానం, తోక మొదట్లో ఎర్ర పట్టీ. కూలిపోయిన విమానమూ పసుపే, ఎర్ర పట్టీయే. నంబరు కూడా అదే వేశాడు. మూడు చక్రాల మీద బుద్ధిగా నిలబడి ఉంది.

నేను కూతుర్ని పిలిచాను. పాపని భుజాన వేసుకుని వచ్చింది.

"నాన్న పంపిన ఫొటో ఇంకోసారి చూపించమ్మా."

నిన్న రెండూ నలభైకి పెద్దాయన ఫోన్లోంచి వచ్చిన ఫొటో అది. ఆయన రోజూ కూతురికి అలా పంపేవాడు. అందులో ఇదే విమానం, ఇదే చాప. కాని ముక్కు ఆకాశంలో ఉంది, ముందు చక్రం గాల్లో ఉంది, తోక చాపకి ఆనింది. కింద పెద్దాయన రాసిన మాట: 'ఇది ఇలాగే కూర్చుంటుంది. ఎల్లుండి పదింటికి లేచి నిలబడుతుంది.'

"నవ్వులాటకి రాశారనుకున్నాను," అంది కూతురు. "నవ్వే బొమ్మ కూడా పెట్టాను జవాబుగా."

"ఇప్పుడు నిలబడే ఉంది," అన్నాను.

"నిలబడితే ఏం, పడుకుంటే ఏం?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "బొమ్మ!"

నేను విమానాన్ని ఎత్తలేదు, వంగి ముందు అద్దంలోకి చూశాను. లోపలివైపు తెల్లటి పొగ మరక, చలికాలం బస్సు కిటికీకి పట్టినట్టు. వేలితో తుడిచాను, పోలేదు. ఫొటోలో అద్దం తళతళలాడుతోంది, లోపల సీట్లు కనపడుతున్నాయి.

తరవాత కిట్టుతో వచ్చిన కాగితం తీశాను, ఏ ముక్క ఎప్పుడు అతికించాలో బొమ్మలు వేసి చూపించే కాగితం. నాకు బొమ్మ విమానాల్లో ఓనమాలు రావు, కాని కాగితాలు చదవడం వచ్చు. పెద్దాయన ప్రతి మెట్టు పక్కనా పెన్సిలుతో టిక్కు పెట్టి తేదీ వేశాడు. నాలుగో మెట్టు దగ్గర ఆగి రెండుసార్లు చదివాను. చదివి మడిచి నా చేతిసంచిలో పెట్టుకున్నాను. బీరువాలోంచి ఒక పాత విమానం తీసి, ఎవరూ చూడకుండా దాని చక్రం ఒకటి బొటనవేలితో విరిచాను. సిగ్గేం పడలేదు.

"మీ సాక్షిని లోపలికి పిలవండి," అన్నాను.

ఇన్‌స్పెక్టరు వెంటబెట్టుకొచ్చిన సాక్షి ఫ్లయింగ్ స్కూలు చీఫ్ ఇంజనీరు. ఊళ్ళో బొమ్మ విమానాలు కట్టేవాళ్ళ క్లబ్బుకి కూడా ఆయనే పెద్ద. అందరూ చీఫ్ అంటారు, అక్కడా ఇక్కడా. కోడలంటే భయంగా ఉందని పెద్దాయన తనతో చెప్పుకునేవాడని నిన్న రాత్రే వాంగ్మూలం ఇచ్చాడు. ఎవరూ అడక్కుండా స్టేషనుకి వెళ్ళి మరీ ఇచ్చాడు.

చీఫ్ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో మూడు పెన్నులు ఒకే ఎత్తులో. గుమ్మం దాటుతూనే ఒక చెయ్యి పైకి లేచింది, గోడ మీద పక్కకి ఒరిగిన కేలండరు నిటారుగా అయింది. తను ఆ పని చేసినట్టు కూడా ఆయనకి తెలియదు.

"మా ఇంటికి ఎప్పుడొచ్చినా ఇంతే," అని కూతురు నా చెవిలో అంది. "నాన్న కట్టినవాటిలో ఏదో ఒకటి సరిచేయకుండా వెళ్ళరు. నాన్న పళ్ళ బిగువున ఊరుకునేవారు."

"మీరు ఆఖరుసారి ఈ గదిలోకి ఎప్పుడొచ్చారు సార్?" అన్నాను.

"ఆరు నెలలైంది. ప్రమాదం తరవాత అతనికీ నాకూ మాటల్లేవు. పాపం అంటే పాపమే, కాని తప్పు తప్పేగా."

"నిన్న మధ్యాహ్నం?"

"అయిదింటి దాకా స్కూల్లోనే. హాజరు రిజిస్టరు చూసుకోండి."

"ఆ రిజిస్టరు ఎవరి దగ్గరుంటుంది?"

"నా దగ్గరే. ఏం?"

"ఏం లేదు. తన హాజరు తనే వేసుకునేవాళ్ళంటే నాకు గౌరవం," అన్నాను. "ఒక్క సాయం చేయాలి మీరు. చూస్తుంటే ఈ చక్రం నా చేతిలో విరిగింది. తండ్రి గుర్తు కదా, ఆ అమ్మాయి బాధపడుతోంది."

చీఫ్ ఆ విమానాన్ని రెండు వేళ్ళతో, ఎలకని తోక పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. ముందు వెనక తిప్పి చూశాడు. ఆయన మొహంలో అసహ్యం మొదలై, పెదవి చివరిదాకా పాకి, అక్కడ స్థిరపడింది.

"ఇది విమానమా అమ్మా? రంగు పలచగా రెండు పూతలు వేయాలి, ఒక్క పూతే పెరుగులా పోశాడు. అతుకులు గరుకు కాగితంతో రుద్దనే లేదు. ముప్ఫై ఏళ్ళు చెప్పాను, రాయికి చెప్పినా ఈపాటికి నేర్చుకునేది." అంటూనే పెన్నుల వెనకనుంచి చిటికెన వేలంత సీసా తీశాడు. మూత తిప్పాడు. ఒక్క చుక్క. చక్రం మూడు సెకన్లలో పట్టుకుంది. ఘాటు నా కళ్ళలో గుచ్చుకుంది. కూతురు పాపని ఎత్తుకుని గబగబా పక్క గదిలోకి వెళ్ళిపోయింది.

"సూపర్ గ్లూ?" అన్నాను.

"ఎప్పుడూ నా దగ్గరే ఉంటుంది. ఇలాంటివాళ్ళ మధ్య బతకాలంటే ఉండాలి మరి."

"మేడమ్, ఇది సాక్ష్యం!" అని ఇన్‌స్పెక్టరు ఒంటికాలి మీద లేచాడు.

"పంచనామాలో 'పనికిరాని ఆట వస్తువులు నలభై' అని రాశారుగా. ఇప్పుడు సాక్ష్యం అయిపోయాయా?" అని, పసుపు విమానం వైపు తిరిగాను. "చీఫ్ గారూ, నిన్న రెండూ నలభైకి ఇది తోక మీద కూర్చుని ఉంది. ఇదిగో ఫొటో. ఎందుకలా కూర్చుంటుంది?"

ఫొటో చూసిన క్షణం ఆయన కళ్ళు ఆగాయి. ఫొటో ఉంటుందని ఆయన అనుకోలేదు. వెంటనే తేరుకున్నాడు, పాఠం చెప్పడం ఆయనకి ఊపిరి పీల్చుకోవడం లాంటిది.

"ముక్కులో బరువు పెట్టలేదు. బొమ్మకి ఇంజను ఉండదుగా, ముక్కు బోలుగా ఉంటుంది, బరువంతా వెనక్కి పోయి తోక పడిపోతుంది. ముందు చక్రం ఉన్న విమానానికి ముక్కులో బరువు పెట్టి అతికించాలి. మొట్టమొదటి పాఠం ఇది. పిల్లలకి కూడా తెలుసు."

"అతికించేశాక గుర్తొస్తే?"

"ముందు ఫ్యాను లాగేసి, ఆ కన్నంలోంచి ఎయిర్‌గన్ గుళ్ళు పోసి, రెండు చుక్కల జిగురు వేసి మూసేయాలి. అయిదు నిమిషాల పని."

"ఫొటో తరవాత ఎవరో ఆ అయిదు నిమిషాల పని చేశారు. ఇప్పుడు నిలబడింది."

"వాడే చేసుకుని ఉంటాడు."

"ఏ జిగురుతో?"

చీఫ్ చేతిలోని సీసాకి మూత బిగించాడు.

నేను ఇన్‌స్పెక్టరు వైపు తిరిగాను. "ఆ ముందు అద్దం లోపల తెల్లగా పట్టింది చూడండి. మూసి ఉన్న చోట సూపర్ గ్లూ వేస్తే దాని ఆవిరి లేచి అద్దాలకి అలా పడుతుంది. మీ డిపార్టుమెంటులో వేలిముద్రలు తీయడానికి వాడే ఆవిరి ఇదే సార్. మీరు ట్రైనింగులో నిద్రపోయిన రోజు చెప్పి ఉంటారు."

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అయినా వంగి చూశాడు.

"ఫొటోలో ఆ మరక లేదు. అంటే రెండూ నలభై తరవాత ఈ గదిలో సూపర్ గ్లూ వాడారు. ఇంట్లో ఉన్న రెండు సీసాలూ పొద్దున పదింటికే చెత్త బండిలో పోయాయి. సాక్ష్యం ఎవరు? వీధంతా. మీరే పదకొండు మంది చేత సంతకాలు పెట్టించారు, ఆ గొడవ విన్నామని. ఆ అమ్మాయిని ఇరికించడానికి మీరు పోగుచేసిన కాగితాలే ఆ అమ్మాయిని బయటికి లాగుతున్నాయి. జిగురు బయటినుంచి వచ్చింది. తెచ్చినవాడు పెద్దాయనకి తెలిసినవాడు, వంకరగా ఉన్నదాన్ని చూసి చెయ్యి ఊరుకోనివాడు."

"క్లబ్బులో నలభై మంది ఉన్నారు," అన్నాడు చీఫ్ చల్లగా. "అందరి జేబుల్లోనూ జిగురుంటుంది."

"నిజమే," అన్నాను. "మిమ్మల్ని ఏమైనా అన్నానా?"

ఇన్‌స్పెక్టరు గడ్డం గీరుకున్నాడు. మొదటిసారి ఆయన మొహంలో ఆలోచన లాంటిది కనపడింది, అలవాటు లేని చోటికి వచ్చిన చుట్టంలా. "సరే మేడమ్. ఎవడో వచ్చాడే అనుకుందాం. వచ్చి బొమ్మ బాగుచేశాడు. బాగుచేసినవాడు చంపడం దేనికి? నాలుగూ పది అయింది. మీ అరగంట అయిపోయింది. నాకు కారణం కావాలి. కారణం లేకపోతే ఆ అమ్మాయి జీపెక్కాల్సిందే."

పక్క గదిలో పాప మళ్ళీ అందుకుంది. వరండాలో కుర్చీ కదిలిన చప్పుడు, కూర్చో అని కానిస్టేబులు మాట. నాకు చిరాకొచ్చింది, ఇన్‌స్పెక్టరు మీద కాదు, నా మీద. కారణం ఆ బల్ల మీదే ఉందని నాకు ఇరవై నిమిషాలుగా తెలుసు, చీఫ్ మొహం చూసే సరదాకి ఇంతసేపు సాగదీశాను.

చేతిసంచిలోంచి కాగితం తీసి ఇన్‌స్పెక్టరు ముందు పెట్టాను. "నాలుగో మెట్టు. పెద్దగా చదవండి."

ఆయన చదివాడు. "ముక్కులో పది గ్రాముల బరువు... టిక్కు పెట్టి ఉంది. పక్కన పెన్సిలుతో... నట్లు మూడు, పన్నెండు గ్రాములు. తేదీ నెల కిందటిది."

"పెద్దాయన బరువు మర్చిపోలేదు. చెప్పినదానికన్నా రెండు గ్రాములు ఎక్కువే పెట్టాడు. మొదటి పాఠం ఆయనకి బాగానే వచ్చు." నేను చీఫ్‌ని చూస్తూ అన్నాను. "ముక్కులో అంత బరువుండి కూడా విమానం తోక మీద ఎందుకు కూర్చుంది?"

లెక్క చీఫ్ కళ్ళలో తిరుగుతోంది. ఆయనకి లెక్కలు తొందరగా వస్తాయి.

"రేపు విచారణకి ఒక వస్తువు తెస్తానని పెద్దాయన ముందే కబురు పెట్టాడు. ఆ కబురు స్కూలుకీ చేరింది. ఆ వస్తువు కోసమే నిన్న ఒకడు ఇక్కడికి వచ్చాడు. పాత స్నేహం నటించాడు, కూర్చున్నాడు, మాటల మధ్యలో అలవాటు కొద్దీ బొమ్మ సరిచేశాడు. తరవాత వస్తువు అడిగాడు. పెద్దాయన ఇవ్వనన్నాడు. కొట్టాడు. సొరుగులన్నీ తిరగేశాడు. దొరకలేదు, పోయాడు."

బల్ల మీద సన్నపళ్ళ రంపం ఉంది. పసుపు విమానాన్ని చేతిలోకి తీసుకున్నాను. ఎర్ర పట్టీ మిగతా రంగుకన్నా మందంగా ఉంది, అతుకు కనపడకుండా రెండు మూడు పూతలు వేసినట్టు. అక్కడే రంపం ఆనించాను.

"ఆగండి!" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఆగలేదు. పసుపు పొడి చాప మీద రాలింది. నాలుగు లాగులకి తోక ఊడొచ్చింది. లోపల దూది కుక్కి ఉంది. సూదితో లాగాను. దూదితో పాటు టప్పుమని చాప మీద పడింది, వేలి కణుపంత ఇనప ముక్క. విరిగిన బోల్టు. మెడకి సన్నటి తీగతో అట్టముక్క, దాని మీద పెద్దాయన పెన్సిలు రాత: కూలిన విమానం నంబరు, తేదీ, 'నేను శకలాల్లోంచి తీసినది.'

ఇన్‌స్పెక్టరు ముట్టుకోకుండా, భూతద్దం పెట్టుకుని చూశాడు. అది నా దగ్గర ఆయనే అడిగి పుచ్చుకున్నాడు, నేనుగా ఇవ్వలేదు.

"విరిగిన చోట చూడండి," అన్నాను. "సగం మెరుస్తోంది, సగం తుప్పు పట్టి నల్లగా ఉంది. నల్లగా ఉన్న సగం ఎన్నో నెలల కిందటే చిట్లింది. ప్రమాదానికి మూడు రోజుల ముందు అక్కడ కొత్త బోల్టు వేశామని స్కూలు రికార్డులో ఉంది, పెద్దాయన కూతురు నాకా నకలు చూపించింది. వేయలేదు. పాతదే ఉంచి, కొత్తది వేశామని సంతకం పెట్టారు. సంతకం మెకానిక్కుది కాదు. ఆ సంతకం పెట్టే అధికారం చీఫ్ ఇంజనీరుకే."

ఇన్‌స్పెక్టరు భూతద్దం ఇంకాస్త దగ్గరికి జరిపాడు.

"బోల్టు లోపలుంది కాబట్టే విమానం తోక మీద కూర్చుంది," అన్నాను. "రేపు పదింటికి అందరి ముందూ తోక కోసి బోల్టు తీసేవాడు. అప్పుడు విమానం లేచి నిలబడేది. కూతురికి రాసింది అదే. కాని ఎవడో తెలివైనవాడు వచ్చి, ముసలాడికి మొదటి పాఠం కూడా రాదనుకుని, ముక్కులో గుళ్ళు పోశాడు. ఏ బరువు కోసం గదంతా వెతికాడో, ఆ బరువుని తన చేత్తో తనే సరితూచి నిలబెట్టి పోయాడు. ఇంత పనిమంతుణ్ణి నేనెక్కడా చూడలేదు."

చీఫ్ నా మాటలు వినడం లేదు. ఆయన చూపు బోల్టు మీద ఉంది. ముందు ఆయన పెదవి చివర ఎప్పుడూ ఉండే ఆ వంకర పోయింది. తరవాత ఒక రకం నవ్వు వచ్చింది, చెంపదెబ్బ తిన్నవాడు మొహం దాచుకోవడానికి నవ్వేలాంటిది. ముప్ఫై ఏళ్ళు రాయి కన్నా హీనంగా చూసిన మనిషి, వణికే చేతుల మనిషి, తనని గెలిచాడు. జైలు సంగతి ఆయనకి ఇంకా తట్టలేదు. ఆయన్ని కోస్తున్నది ఇదే.

"ఇందులోనా..." అన్నాడు. "ఈ ముసలి... చేతిలో పట్టుకున్నానే దీన్ని! తోక పట్టుకునే కదా ముక్కు పైకెత్తి గుళ్ళు పోశాను! కాస్త బరువుగా ఉందేంటని కూడా అనుకున్నాను..."

ఆగిపోయాడు.

నేను నోరు తెరవబోయాను. ఈలోగా ఇన్‌స్పెక్టరు భూతద్దం బల్ల మీద పెట్టి, నిటారుగా నిలబడి, సందు తలుపుకి అడ్డంగా రెండడుగులు జరిగాడు. ఈ రెండు రోజుల్లో ఆయన అడిగిన ఒకే ఒక్క పనికొచ్చే ప్రశ్న అప్పుడు అడిగాడు.

"ఎప్పుడు సార్?"

చీఫ్ జేబు మీదికి చెయ్యి పోయింది. ఆ ఒకే ఎత్తు పెన్నులు సర్దుకోబోతే రెండు కింద పడ్డాయి. వంగి తీయలేదు.

పక్క గదిలో పాప ఏడుపు ఆగింది. ఇంట్లోకి ఉన్న తలుపు వారనుంచి చూశాను. కోడలు నేల మీద కూర్చుని ఉంది, పాప ఆమె ఒళ్ళో ఉంది, ఆడపడుచు పక్కనే కూర్చుని ఇద్దరి మీదా చెయ్యేసింది. పాపని తల్లి చేతికి ఇచ్చింది లేడీ కానిస్టేబులు. ఎవరి అనుమతి అడిగిందో ఇన్‌స్పెక్టరూ కనుక్కోలేదు, నేనూ కనుక్కోలేదు.